14 కర్రలు, 23 కిలోలు



గోల్ఫ్ ఆడటానికి అందరికన్నా దూరం వెళ్ళిన మనిషి అలన్ షెపర్డ్. 1971 ఫిబ్రవరిలో, అపోలో 14 యాత్రలో, చంద్రుడి మీద ఆడాడు. ఆయన వెంట తీసుకెళ్ళిన గోల్ఫ్ సామాను మొత్తం ఒక మేజోడులో పట్టింది. సిక్స్ ఐరన్ కర్ర తల ఒకటి, బంతులు రెండు, అంతే. కాడ కూడా పట్టుకెళ్ళలేదు. చంద్రుడి మట్టి తీయడానికి ఎలాగూ మడత కాడ ఉన్న పనిముట్టు ఒకటి వెంట ఉంది కదా, దానికే ఈ తల బిగించాడు. అంతరిక్ష దుస్తులు బిర్రబిగుసుకుపోయి రెండు చేతులతో పట్టుకోవడం కుదరలేదు, ఒంటిచేత్తోనే కొట్టాడు. బంతి మైళ్ళకొద్దీ పోయిందని ఆయన అక్కణ్ణించే సంబరంగా చెప్పాడు గాని, యాభై ఏళ్ళ తరువాత ఆ ఫొటోలు శుభ్రం చేసి కొలిచిన వాళ్ళు మొదటి బంతి 24 గజాలు, రెండోది 40 గజాలు వెళ్ళిందని తేల్చారు. 40 గజాలైతేనేం, సామాను సర్దుకోవడంలో ఆయన్ని మించినవాడు ఆ ఆటలో ఇంకా పుట్టలేదు.

ఇక మన సంగతికి వద్దాం. గోల్కొండ కోట పక్కన నయాఖిల్లాలో, ఆ పాత గోడల మధ్య ఉన్న మైదానంలో పొద్దున్నే ఆడుకునే పెద్దమనుషులు ఉన్నారు. విశాఖలో సముద్రపు గాలికి ఆడేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో ఆఫీసు సహచరులతో మొదలుపెట్టి, ఇప్పుడు శనివారం వచ్చిందంటే ఇంటి పట్టున ఉండని మన పిల్లలూ ఉన్నారు. వీళ్ళందరి మనసులోనూ ఎక్కడో ఒకచోట ఒక కోరిక ఉంటుంది, ఈ ఆట పుట్టిన స్కాట్లండ్‌కు ఒకసారి వెళ్ళాలని. కొడుకు అక్కణ్ణించి టికెట్లు తీస్తాడు, తండ్రి ఇక్కడ హాల్లో చాప పరిచి సామాను ముందేసుకుంటాడు. ఆ చాప మీద ఏం జరుగుతుందో, ఏం జరిగితే బాగుంటుందో చెప్పడమే ఈ ప్రసంగం. గోల్ఫ్ ఆడని వాళ్ళు కూడా వినవచ్చు. సామాను సర్దని ఇల్లు మనకు లేదు గదా.

మన ఇళ్ళలో పెట్టెలు బరువెక్కేది ఒక్క మాటతో: ఎందుకైనా మంచిది. గొడుగు పెట్టారా అంటే పెట్టాను, ఇంకోటి కూడా పెట్టాను, ఎందుకైనా మంచిది. బంతులు రెండు డజన్లు చాలవా అంటే నాలుగు పెట్టాను, ఎందుకైనా మంచిది. అదనంగా పెట్టిన ఒక్కో వస్తువు వెనకాలా ఒక్కో భయం ఉంటుంది. బంతి పోతుందని, చలేస్తుందని, కొట్టలేనని, పక్కవాడి దగ్గర ఉన్నది నా దగ్గర లేకపోతే చిన్నతనమని. నా మటుకు నాకు తోచేదేమిటంటే, వెళ్ళబోయే చోట నేల ఎలా ఉంటుంది, గాలి ఎటు వీస్తుంది అన్నవి ముందే తెలుసుకున్న మనిషికి వీటిలో సగం భయాలు పోతాయి, సంచీ సగం అవుతుంది.

చిత్రమేమిటంటే, ఎంత సామాను పట్టుకెళ్ళాలో చట్టం పెట్టి మరీ చెప్పిన ఆట ఇది. ఆటగాడి సంచిలో 14 కర్రలకు మించకూడదు. 1744లో ఎడిన్‌బరా దగ్గర లీత్‌లో రాసిన తొలి 13 నియమాల్లో ఈ ఊసే లేదు. చెక్క కాడలు పోయి ఉక్కు కాడలు వచ్చాక, ఫ్యాక్టరీలు ఒకే తీరున వరసగా కర్రలు తయారు చేసి అమ్మడం మొదలెట్టాక ఆటగాళ్ళకు ఆశ పెరిగింది. ఒక్కొక్కరు ఇరవై పైచిలుకు మోయించేవాళ్ళు. మోసేది తామైతే గదా, కేడీ కుర్రాళ్ళు మోసేవాళ్ళు. చివరికి 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం, ఆ మరుసటి ఏడు స్కాట్లండ్ వాళ్ళు గీత గీశారు. 14 అంటే 14. ఒకటి ఎక్కువుంటే, ఆడిన ప్రతి హోల్‌కూ రెండు దెబ్బల జరిమానా, రౌండుకు మహా అయితే నాలుగు.

ఈ జరిమానా ఎంత నొప్పి పెడుతుందో 2001లో లోకమంతా చూసింది. ఇంగ్లండ్‌లోని రాయల్ లీథమ్‌లో ఓపెన్ పోటీలు, చివరి రోజు. వేల్స్ ఆటగాడు ఇయాన్ వూస్నమ్ మొదటి హోల్‌లో కొట్టిన బంతి గుంటకు అంగుళాల దూరంలో ఆగింది. అందరికన్నా పైకి వెళ్ళినవాళ్ళలో ఒకడయ్యాడు. రెండో హోల్ దగ్గరికి వచ్చాక కేడీ ముఖం మాడ్చుకుని అసలు సంగతి చెప్పాడు: సంచిలో డ్రైవర్లు, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు కర్రలు, రెండున్నాయి. పొద్దున ప్రాక్టీసులో రెండూ కొట్టి చూశారు, ఒకటి తీసి పక్కన పెట్టడం మరిచిపోయారు. మామూలుగా మొదటి దెబ్బ డ్రైవర్‌తోనే గనక అప్పుడే బయటపడేది. అక్కడ మొదటి హోల్ చిన్నది, ఐరన్‌తో సరిపోయింది, డ్రైవర్ జోలికి పోలేదు. రెండు దెబ్బలు పడ్డాయి. వూస్నమ్ ఆ పదిహేనో కర్రను గడ్డిలోకి విసిరేశాడు. ఆఖరికి మూడో స్థానం పంచుకున్నాడు. కనక శ్రోతలారా, చాప మీద కర్రలు పరిచినప్పుడు గట్టిగా, పైకి లెక్కపెట్టండి. ఇంట్లో వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

అసలు 14 కూడా అవసరమా అంటారా? అమెరికాలో చిక్ ఎవాన్స్ అనే ఆయన 1916లో ఆ దేశపు ఓపెన్‌నూ, అమెచ్యూర్ పోటీనీ రెండూ గెలిచింది ఏడు కర్రలతో. స్పెయిన్ ఆటగాడు సేవె బయెస్తెరోస్ చిన్నప్పుడు వాళ్ళ ఊరు పెద్రేన్యా సముద్రపు ఇసుకలో ఆట నేర్చుకున్నది ఒకే ఒక్క త్రీ ఐరన్‌తో. ఆ ఒక్క కర్రతోనే దూరంగా కొట్టాలి, ఇసుకలోంచి లేపాలి, మెల్లగా దొర్లించాలి. ఆ తరువాత పెద్దయ్యాక ఆయన పొదల్లోంచి, కార్ల పార్కింగులోంచి కూడా బంతిని బయటికి తీశాడంటే ఆ చదువు ఫలితమే. మనకు అంత తపస్సు అక్కర్లేదు గాని, సెలవు మీద పోతున్నాం గనక తొమ్మిదో, పదో పెట్టుకుంటే ఆటకు లోటేమీ రాదు. ఇంటి దగ్గర ఏ కర్రను ఆర్నెల్లుగా కదపలేదో అది విదేశంలో మాత్రం ఏం ఒరగబెడుతుంది?

ఇప్పుడు బరువు లెక్క చూద్దాం. చాలా విమానాల్లో ఒక పెట్టెకు ఇచ్చేది 23 కిలోలు. గోల్ఫ్ సంచిని చాలా సంస్థలు మామూలు పెట్టెల్లో ఒకటిగానే లెక్కేస్తాయి, కొన్ని విడిగా డబ్బు అడుగుతాయి. టికెట్టు తీసేముందే అడిగి తెలుసుకోవాలి, విమానాశ్రయంలో కాదు. 14 కర్రలు కలిపి రమారమి ఆరు కిలోలు తూగుతాయి. బ్యాటరీ బండి మీద పెట్టే పెద్ద సంచి ఖాళీదే మూడు నాలుగు కిలోలుంటుంది. భుజాన వేసుకుని, కింద పెడితే రెండు కాళ్ళు చాచి నిలబడే సంచి అయితే రెండు కిలోల పైచిలుకు. దీని పైన తొడిగే ప్రయాణపు కవరు ఇంకో మూడు నాలుగు కిలోలు. బంతి 46 గ్రాములు, డజను పెడితే అరకిలో దాటింది. బూట్లు జత దాదాపు ఒక కిలో. వానకోటు, ప్యాంటు, స్వెట్టరు, తువ్వాళ్ళు వేసేసరికి 18 కిలోల దాకా వస్తాం. మిగిలిన ఐదు కిలోల మీద ఇంట్లో చర్చ మొదలవుతుంది.

"ఏమండీ, ఈ సంచిలో ఇంకా చోటుందిగా, ఓ అరకిలో కందిపొడి పెట్టనా?"

"అది కర్రల సంచే!"

"కర్రల మధ్య అంతా ఖాళీయే కదండీ. మీ అబ్బాయి కూడా వస్తున్నాడాయె."

ఆవిడ మాటలో నిజం ఉంది. కర్రల మధ్య ఖాళీ వదలకూడదు, మెత్తనిది ఏదో ఒకటి కుక్కాలి, లేకపోతే దారంతా ఒకదానికొకటి కొట్టుకుంటాయి. అయితే అక్కడ కుక్కాల్సింది స్వెట్టర్లు, తువ్వాళ్ళు. కందిపొడి పొట్లం చిట్లితే బంతిని గుంటలోకి దొర్లించే పటర్ కర్ర పిడి దగ్గర్నుంచి బూట్ల దాకా వాసనే. పైగా కొన్ని విమాన సంస్థలు గోల్ఫ్ సంచిలో గోల్ఫ్ సామాను తప్ప వేరేది ఉండకూడదంటాయి. పొడులూ, మాగాయా పెద్ద పెట్టెలోకి పోవాలి. ఇంకో మాట, బ్రిటన్‌లోకి మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళనివ్వరు. అంటే మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇక్కడే ఉండిపోవాలి. వేరుశనగ చిక్కీకి అభ్యంతరం లేదు. నాలుగు గంటలు నడిచే ఆటలో పదో హోల్ దగ్గర నోట్లో వేసుకోవడానికి దాన్ని మించిన తిండి నాకు తెలియదు.

కర్రలు కట్టే పద్ధతి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే విరిగేది ఇక్కడే. అన్నిటికన్నా పొడవు డ్రైవర్, సుమారు 45 అంగుళాలు. సంచిలో దాని తలే అన్నిటికన్నా పైన ఉంటుంది. సామాను ఎక్కించేవాళ్ళు సంచిని తలకిందులుగా పడేశారంటే మొత్తం బరువు ఆ తల మీద పడుతుంది, మెడ దగ్గర పుటుక్కుమంటుంది. ఇప్పటి డ్రైవర్లకు తల ఊడదీసే మర ఉంటుంది. కర్రతో పాటు ఇచ్చిన చిన్న రెంచ్‌తో తల విప్పి, పాత సాక్సులో దూర్చి, మధ్యలో బట్టల నడుమ పెట్టేయాలి. ఆ రెంచ్‌ను ఇంట్లో మరిచిపోతే అక్కడ కాడ ఒకచోటా తల ఒకచోటా పెట్టుకుని కూర్చోవాలి గనక దాన్ని ఆ సాక్సులోనే వేయండి. ఐరన్ తలలన్నీ ఒక తువ్వాలు చుట్టి, పైన తాడో రబ్బరు పట్టీయో బిగించాలి. ఆ తరువాత అసలు కిటుకు, ఊతకర్ర. అన్ని కర్రల కన్నా నాలుగైదు అంగుళాలు పొడుగుండే గట్టి కర్ర ఒకటి సంచి నడిమధ్యలో నిలబెట్టాలి. సంచి తలకిందులైతే దెబ్బ అది కాస్తుంది. బజారులో దీన్ని అల్యూమినియంతో చేసి, పైన గొడుగు మొనలా టోపీ పెట్టి బాగానే ధర వేస్తారు. సరైన పొడవుకు కోసిన వెదురు ముక్క, పైన గుడ్డ చుట్టి పెడితే అదే పని చేస్తుంది. అయితే కొలత తప్పకూడదు, డ్రైవర్ కాడ కన్నా పొట్టిగా ఉంటే పెట్టీ లాభం లేదు.

గట్టి ప్లాస్టిక్ పెట్టె మంచిదా, మెత్తటి గుడ్డ కవరు మంచిదా అని గోల్ఫ్ వాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు. నా ఓటు గుడ్డ కవరుకే. గట్టి పెట్టెలో సామాను భద్రం, నిజమే. కాని దిగాక ఆ పెట్టెను ఏం చేస్తారు? ఖాళీ అయ్యాక కూడా అంత చోటూ తింటుంది. నలుగురు మిత్రులు కలిసి ఒక అద్దె కారు తీసుకుంటే నాలుగు గట్టి పెట్టెలు అందులో ఎక్కవు. గుడ్డ కవరైతే మడిచి మంచం కిందికి తోసేయొచ్చు.

విమానాశ్రయంలో కొన్ని సంగతులు. కర్రలను క్యాబిన్‌లోకి రానివ్వరు, పటర్ ఒక్కటే కదా అన్నా రానివ్వరు. దూరం కొలిచే యంత్రానికి వేసే విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం, చేతి సంచిలోనే ఉండాలి, కింద వేసే సామానులో పెట్టకూడదు. ఖరీదైన కొత్త కిట్ పట్టుకెళ్ళేవాళ్ళు బయలుదేరేటప్పుడే కస్టమ్స్ వాళ్ళకు చూపించి ఎగుమతి ధ్రువపత్రం రాయించుకుంటే మేలు. తిరిగి వచ్చాక ఇది మేం ఇక్కణ్ణించి తీసుకెళ్ళిందే మహాప్రభో అని వాదించే పని తప్పుతుంది. దిగినచోట ఈ సంచి మామూలు బెల్టు మీద రాకపోవచ్చు. పొడుగు సామాను వేరే మూలకు వస్తుంది. బెల్టు దగ్గర నిలబడి పెట్టెలు అయిపోయేదాకా చూసి బెంబేలు పడేవాళ్ళు ఎందరో.

చేతి సంచిలో పెట్టుకోవాల్సినవాటిలో మందుల చీటీ, బిపి, షుగరు మాత్రల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాటి పక్కన నేను గోల్ఫ్ బూట్లను పెడతాను. కర్రల సంచి ఒకరోజు ఆలస్యమైతే అక్కడ కర్రలు అద్దెకు దొరుకుతాయి, బంతులు దొరుకుతాయి, టోపీ దొరుకుతుంది. మీ పాదానికి అలవాటైన బూటు మాత్రం ఏ దేశంలోనూ అద్దెకు దొరకదు. కొత్త బూట్లు కొని, డబ్బా ఇక్కడ విప్పకుండా స్కాట్లండ్‌లో విప్పేవాళ్ళకు రెండో రోజుకే మడమ మీద బొబ్బలు లేస్తాయి. వాటిని బయలుదేరడానికి నెల ముందే వేసుకుని కేబీఆర్ పార్కులోనో, బీచ్ రోడ్డులోనో తిరగాలి. అడుగున మెత్తటి ప్లాస్టిక్ ముళ్ళున్నవే తీసుకోండి, ఇనుప ముళ్ళను ఇప్పుడు చాలాచోట్ల ఒప్పుకోరు.

ఇక నేల సంగతి. స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో ఉన్న ఓల్డ్ కోర్సు మైదానం ఏ రాజుగారి సొంత తోటా కాదు, ఊరి ఉమ్మడి నేల. మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఊళ్ళోవాళ్ళు కుక్కల్ని వెంటేసుకుని ఆ గడ్డి మీద షికార్లు చేస్తారు. 1764లో అక్కడ 22 హోళ్ళను 18 చేశారు, తరువాత అదే లోకమంతటికీ లెక్కయింది. ముందు బుకింగు దొరకనివాళ్ళకు లాటరీ ఉంటుంది, రెండు రోజుల ముందు పేర్లిస్తే చీటీ తీస్తారు. మన ఆట స్థాయి ఏమిటో చెబుతూ సొంత క్లబ్బు ఇచ్చిన హ్యాండిక్యాప్ కాగితం చూపాలి, అది లేకుండా వెళ్ళి బతిమాలుకోవడం దండగ. ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు, 1969లో మూసేశారు. ఎడిన్‌బరా నుంచి రైల్లో లూకర్స్‌లో దిగి, అక్కణ్ణించి బస్సో ట్యాక్సీయో ఎక్కాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ 18 కిలోల సంచిని ప్లాట్‌ఫారం మీద ఈడ్చేది, బస్సులోకి ఎత్తేది మీరే. కవరుకు చక్రాలు లేకపోతే ఇంటి దగ్గరే ఆలోచించుకోండి.

అక్కడ బ్యాటరీ బళ్ళు నడవవు, ఆరోగ్య కారణం ఉన్నవాళ్ళకు తప్ప. 18 హోళ్ళూ కాలినడకే. బంతి వెనకాల అటూ ఇటూ తిరగడంతో కలిపితే ఎనిమిది కిలోమీటర్లకు తక్కువ కాదు. కేడీని పెట్టుకోవచ్చు, కాని మోసేది మనిషే గదా, టీవీలో పెద్ద ఆటగాళ్ళకు ఉండే బస్తాలాంటి సంచి ఆయన భుజాన వేయడం న్యాయం కాదు. అందుకే మొదట చెప్పిన రెండు కిలోల సంచి. ఆ ఒక్క నిర్ణయంతో సగం బరువు సమస్య తీరుతుంది.

గాలి మరో సంగతి. ఆ మైదానం సముద్రం పక్కన పొడుగ్గా సాగిపోయి, చివర కొక్కెంలా వంకర తిరిగి, మళ్ళీ ఊళ్ళోకి వస్తుంది. పోయేటప్పుడు వీపు తట్టిన గాలి వచ్చేటప్పుడు మొహాన కొట్టవచ్చు. జులైలో కూడా మధ్యాహ్నపు వేడి సగటున ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది. పొద్దున ఎండ కాస్తూ ఉండగానే సముద్రం మీంచి తెల్లగా మంచు తెర వచ్చి కమ్మేస్తుంది, అక్కడివాళ్ళు దాన్ని హార్ అంటారు. అది తొలగేలోగా వాన. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ ఎండ. ఇలాంటిచోట లావుపాటి కోటు ఒకటి పట్టుకెళ్ళడం బుద్ధి తక్కువ. పలచటివి మూడు పొరలు కావాలి: లోపల ఒంటికి అంటుకునేది, దాని మీద ఉన్ని స్వెట్టరు, పైన వానకు తడవని చొక్కా. వాన ప్యాంటుకు కింద మోకాలి దాకా జిప్పు ఉండాలి. బూట్లు విప్పకుండానే తొడుక్కోగలగాలి, లేకపోతే అది తొడిగేసరికే వాన వెలుస్తుంది. కొనేముందు ఆ వాన చొక్కా వేసుకుని దుకాణంలోనే చేయి ఊపి చూడండి. భుజం పట్టేసినా, బరబరమని చప్పుడు చేసినా అది గోల్ఫ్‌కు పనికిరాదు.

గొడుగు? ఆ గాలికి గొడుగు నిలవదు. ఒక్కటి చాలు, అదీ ఎక్కువగా తువ్వాలును దాని ఊచలకు వేలాడదీసుకుని పొడిగా ఉంచుకోవడానికి. తడిసిన తోలు గ్లవ్ జారిపోతుంది. వానలో వాడే గ్లవ్‌లు వేరే ఉంటాయి, రెండు చేతులకూ వేసుకుంటారు, తడిసేకొద్దీ పట్టు బిగుస్తుంది. మంకీ టోపీ పెట్టుకుంటే కొడుకు ఫొటోలు తీయనంటాడేమో గాని, తిరుమల కొండ మీద తెల్లవారుజామున చెవులు మూసిన ఆ టోపీ అక్కడా పనిచేస్తుంది. రాత్రికి తడి బూట్లలో న్యూస్‌పేపరు ఉండలు చేసి కుక్కండి, హీటరు మీద పెట్టకండి, తోలు పగులుతుంది.

బంతుల దగ్గర అందరూ అతి చేస్తారు. పొదలు చూసి భయం. అక్కడ పసుప్పచ్చ పూలు పూసే ముళ్ళ పొదలుంటాయి, గోర్స్ అంటారు. బ్రిటిష్ వాళ్ళ చలవ వల్ల మన ఊటీ మైదానంలోనూ అవి ఉన్నాయి, ఆడినవాళ్ళకు తెలుసు. అందులో పడ్డ బంతి కోసం చేయి పెట్టేవాడు లేడు. 2019 నుంచి నియమం కూడా మారింది, వెతకడానికి మునుపు ఐదు నిమిషాలుండేది, ఇప్పుడు మూడే. అయినా సరే, అక్కడ బంతులు దొరకని ఊరు లేదు. ఇంటి నుంచి ఒక డజను, మిగిలినవి అక్కడే.

బట్టల్లో కాలరున్న చొక్కాలు, మామూలు ప్యాంట్లు సరిపోతాయి. జీన్స్ చాలా క్లబ్బుల్లో ఒప్పుకోరు. సూటూ టై అందరికీ అక్కర్లేదు. ఎడిన్‌బరాకు తూర్పున మ్యూర్‌ఫీల్డ్‌లో ఆడేవాళ్ళకు మాత్రం కావాలి, అక్కడ భోజనశాలలో కోటు, టై లేనిదే కూర్చోనివ్వరు. 1744లో పుట్టిన ఆ క్లబ్బు మొదటిసారి ఆడవాళ్ళను సభ్యులుగా తీసుకున్నది 2019లో. టై విషయంలో మాత్రం పట్టు సడలలేదు. ఒక్క భోజనం కోసం రెండు కిలోల సూటు మోయాలా అన్నది మీ ఇష్టం. నేనైతే మొయ్యను, శాండ్‌విచ్ తింటాను.

చలి ప్రయాణం గురించే చెబుతున్నాను గాని, మన హైదరాబాదు వాళ్ళు కొందరు థాయ్‌లండ్ వెళ్తారు. అక్కడ లెక్క మొత్తం తిరగబడుతుంది. 1924లో మొదలైన రాయల్ హువా హిన్ ఆ దేశపు తొలి మైదానాల్లో ఒకటి. అక్కడ వాన ప్యాంటు వేసుకుంటే ఆవిరి స్నానమే. రౌండుకు ఒక గ్లవ్ చొప్పున చెమటకు నానిపోతుంది గనక గ్లవ్‌లే ఎక్కువ పెట్టుకోవాలి. తువ్వాలు, ఎండ క్రీము, ఓఆర్ఎస్ పొట్లాలు. కేడీలు చాలామటుకు ఆడవాళ్ళు, ఎండకు చేతులూ మెడా పూర్తిగా కప్పుకుని వస్తారు. వాళ్ళను చూసి నేర్చుకుంటే సరిపోతుంది. జపాన్‌లో ఇంకా సుఖం, గోల్ఫ్ సంచిని ఇంటి నుంచి మైదానానికి పంపే కొరియరు సర్వీసే ఉంది. సంచి ముందు పోతుంది, మనం చేతులూపుకుంటూ రైలెక్కుతాం.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో పిల్లలున్న వాళ్ళు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆ దేశాలకు పరాయి మట్టి అంటే హడల్. విత్తనమో పురుగో వచ్చి వాళ్ళ పంటల్ని తినేస్తుందని భయం, అది నిజమైన భయమే. న్యూజిలాండ్‌లో దిగేటప్పుడు ఇచ్చే ప్రకటనలో వాడిన గోల్ఫ్ సామాను ఉందా అని పేరు పెట్టి మరీ అడుగుతారు. ఉందని రాయాలి. రాయకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. కనక బయలుదేరే ముందు పాత టూత్ బ్రష్ పట్టుకుని కూర్చోవాలి. బూటు అడుగు ముళ్ళ సందుల్లో గోల్కొండ మట్టి, ఐరన్ తలల గాళ్ళలో ఎండిన గడ్డి, సంచి అడుగున రాలిన ఇసుక, అన్నీ వదిలించాలి. సంచిని తలకిందులు చేసి దులిపితే బంతిని నిలబెట్టే టీ పుల్లలు విరిగినవి, పోయిందనుకున్న బంతులు కూడా బయటపడతాయి. స్కాట్లండ్‌కు వెళ్ళేవాళ్ళు కూడా ఈ పని చేస్తే నష్టం లేదు, వందో రెండొందలో గ్రాములు తగ్గుతుంది.

తిరుగు ప్రయాణంలో బరువు పెరగడం మామూలే. క్లబ్బు దుకాణంలో గుర్తు కుట్టిన స్వెట్టరు, బావగారికి టోపీ, కోడలికి శాలువా. అందుకే వెళ్ళేటప్పుడు 23 కిలోల అంచు దాకా నింపకూడదు, నాలుగు కిలోలు వదిలి సర్దుకోవాలి. మిగిలిన బంతులు అక్కడి కేడీకో, ప్రాక్టీసు చేసుకునే పిల్లలకో ఇచ్చిరండి.

ఇంటికి చేరాక కవరును బీరువా పక్కన నిలబెట్టి రేపు చూద్దాంలే అనకండి. మీరు వచ్చేది జులైలోనో ఆగస్టులోనో, మనకు ముసురు పట్టే రోజులు. తడి తువ్వాలు, తడి గ్లవ్ లోపలే ఉంటే వారంలో బూజు పడుతుంది, పిడుల మీది రబ్బరు జిగురు జిగురవుతుంది. ఆ రాత్రే విప్పి, కర్రలు తుడిచి ఫ్యాను కింద పరిచి, సాక్సులోంచి డ్రైవర్ తల తీసి బిగించుకోండి. మర టక్కుమని చప్పుడు చేసేదాకా తిప్పాలి. అంతకన్నా ముందు ఆపితే ఆదివారం పొద్దున మొదటి దెబ్బకు బంతితో పాటు తల కూడా ఎగురుతుంది.